కిట్టివేక్ బొడిపె మీది గీతలు

లెస్టర్
9 జనవరి 1983

ఏమోస్ మామయ్యకి,

అమ్మ అంత్యక్రియల నాడు రాస్తానని మాటిచ్చి నాలుగు నెలలు చేశాను. నువ్వు కోప్పడవని తెలుసు కాబట్టే ఇంత ఆలస్యం.

వాట్‌ఫర్డ్ ఇల్లు ఖాళీ చేయడం పూర్తయింది. అమ్మ కుట్టుపెట్టె నేనే తెచ్చుకున్నాను. అందులో సగం రఫ్ఫు చేసిన బూడిదరంగు మేజోడు ఒకటి ఉంది. దాని లోపల కాలిపోయిన కరెంటు బల్బు. అమ్మ ఎప్పుడూ బల్బు దూర్చి దాని మీదే కుట్టేది, గుర్తుందా? అందరిలా బజార్లో దానికి పనికొచ్చే చెక్క సామాను ఒకటి కొనుక్కోవచ్చు కదా అంటే, "నాది ఒకటుంది, బయటికి వెళ్లింది, రానీ" అనేది. నీళ్లడబ్బాలు, మందు సీసాలు అన్నీ పారేశాను కానీ ఆ బల్బు పారేయలేకపోయాను.

ఇప్పుడు అసలు పని. నవ్వొద్దు. పదిహేడేళ్ల కిందట శనివారం సాయంత్రాలు టీవీలో ఒక ధారావాహిక వచ్చేది. అందులో కిట్టివేక్ అనే అంతరిక్ష నౌక ఉండేది. అప్పుడు నువ్వు మా ఇంట్లోనే ఉండి పనికి వెళ్లేవాడివి. అది మొదలవగానే బొగ్గు తెస్తానని లేచిపోయేవాడివి కాబట్టి నీకు గుర్తుండదు. ఆ ఓడంటే ప్రాణం పెట్టే వాళ్లం నూట పన్నెండు మందిమి ఒక సంఘం పెట్టుకున్నాం. మూడు నెలలకోసారి పత్రిక వేస్తాం, దానికి సంపాదకురాలిని నేనే. ఈ మే నెల ఇరవై ఒకటిన కోవెంట్రీలో మా వార్షిక సభ. అక్కడ ఒక నిర్ణయం జరగాలి. ఓడ కొలతల పుస్తకం అచ్చు వేస్తున్నాం. అందులో నా బొమ్మ వెళ్లాలా, డెస్మండ్ ప్రైక్ బొమ్మ వెళ్లాలా అన్నది.

డెస్మండ్ క్రాయ్‌డన్‌లో కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. మంచివాడే. కాకపోతే అన్నీ తనకే తెలుసంటాడు. మా తగాదా అంతా ఓడ ఎడమవైపు, కడుపు కింద ఉన్న ఒక బొడిపె గురించి. అది ఇంధనం తొట్టి అంటాడు అతను. ప్రాణాలు కాపాడే చిన్న పడవ దాచే గది అంటాను నేను. ఎందుకంటే దాని మీద సన్నటి గీతలున్నాయి. మొత్తం నలభై మూడు. అన్నీ ఒకే పక్కకి వాలి ఉంటాయి. అవి తలుపు అంచులని నా నమ్మకం. ఆ ఫొటో పెద్దది నా దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని చూసి పదేళ్లుగా ఒక్కో గీతా కొలిచి గీశాను. డెస్మండ్ అవి ఫొటో మీద పడ్డ గీరలంటాడు, తన బొమ్మలో బొడిపెను గుడ్డులా నున్నగా గీశాడు. అసలు ఓడ చూద్దామంటే అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

నువ్వు పడవలు కట్టావు. ఫొటో నకలు పంపుతున్నాను. కట్టేవాడి కంటితో చూసి, ఓడ ఎలా ఉందో, ఆ బొడిపె ఏమిటో నాలుగు ముక్కలు రాయి. నా బొమ్మ ఓడిపోతే పదేళ్ల పని బల్ల సొరుగులోకి పోతుంది.

చలిలో ఒళ్లు జాగ్రత్త. కోళ్లగూటికి గోనెపట్టా కట్టావా?

నీ
థెల్మా


హాక్స్‌బీ, సఫోక్
16 జనవరి

థెల్మాకు,

ఉత్తరం, ఫొటో అందాయి. గోనెపట్టా కట్టాను.

ఓడ గురించి అడిగావు. మెడ మరీ సన్నం. ముందు బరువుకి కుంగుతుంది. ఆ మూల దిమ్మ వేసి ఉండాల్సింది. రెక్కలు అంగుళం పైకి అతికారు. కిటికీలు ఒక పక్క అయిదు, ఇంకో పక్క నాలుగు, అది సరిచూడక జరిగింది. తలుపు లేదు. మనుషులు ఎక్కడ ఎక్కుతారో గీసినవాళ్లకే తెలియాలి.

బొడిపె పుట్టగొడుగు. అంతకంటే ఏమీ లేదు. దాని కోసం మీరిద్దరూ పోట్లాడుకోవద్దు.

ఉల్లికాడలు మంచుకి గడ్డకట్టాయి, నేలలోంచి ఊడి రావడం లేదు.

మామయ్య


లెస్టర్
2 ఫిబ్రవరి

మామయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పుట్టగొడుగుల పెంపకం. మా నూట పన్నెండు మందిలో ఒక్కరికీ తట్టలేదు. చీకటి గది, తడి, ఎండ అక్కర్లేదు. మూడేళ్ల ప్రయాణంలో ఆ నావికులు ఏం తిని బతికారో నువ్వు ఒక్క మాటలో తేల్చేశావు. పదకొండో భాగంలో వంటవాడు గోధుమరంగు చారు పోస్తాడు, అందరూ మొహం చిట్లిస్తారు. అది ఏం చారో ఇప్పుడు అర్థమైంది.

నేను ఒప్పుకోలేదనుకో. పడవ గది అన్న మాట మీదే ఉన్నాను. అయినా సరదాగా ఉందని ఈసారి పత్రికలో వేశాను. "సఫోక్ వడ్రంగి ఒకరి అభిప్రాయం" అని, పేరు లేకుండా. మెడకి దిమ్మ వేయాలన్న మాట కూడా వేశాను. దానికి నాటింగ్‌హామ్ నుంచి ఒకాయన అప్పుడే ఫోన్ చేశాడు. "ఎవరండీ ఈ వడ్రంగి? పద్నాలుగో భాగంలో ఓడ వంగినట్టు కనిపిస్తే కెమెరా తప్పనుకున్నాం" అన్నాడు.

నీకు ఇంత కన్ను ఉందని తెలియదు. తీరిక ఉంటే ఇంజన్ల గురించి కూడా రాయి. వాటి కాళ్లు బరువు మోయవని కొందరి ఫిర్యాదు.

థెల్మా


హాక్స్‌బీ
9 ఫిబ్రవరి

థెల్మాకు,

నేను పెంపకం అనలేదు. పుట్టగొడుగు అన్నాను.

పత్రికలో వేస్తావని తెలిస్తే రాసేవాణ్ణి కాదు.

ఇంజన్ల కాళ్లు మోస్తాయి. లోపల ఇత్తడి ఉంది.

చెప్పాల్సింది ఇంకా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మళ్లీ రాస్తాను.

మామయ్య


లెస్టర్
20 మార్చి

మామయ్యా,

మళ్లీ రాస్తానన్నావు, రాయలేదు. ఇక్కడ నా పని ఎలా ఉందో విను.

పుట్టగొడుగుల పెంపకాన్ని బలపరుస్తూ ఇరవై మూడు ఉత్తరాలు వచ్చాయి. డర్బీ నుంచి ఒక ఉపాధ్యాయుడు గదిలో ఎన్ని తట్టలు పడతాయో లెక్కకట్టి పంపాడు. ఒకావిడ "ఇన్నాళ్లూ ఆ ఓడలో వంటిల్లు ఎక్కడని అడిగితే ఒక్క మగాడూ జవాబు చెప్పలేదు, చివరికి ఒక వడ్రంగి చెప్పాడు" అని రాసింది. ఇత్తడి సంగతి కూడా నమ్మేశారు, నీకెలా తెలుసని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పడవ గది అనే నా పక్షంవాళ్లలో సగం మంది అటు దూకేశారు. డెస్మండ్ ఫోన్ చేసి, "థెల్మా గారూ, మీ ఓడని నేను ముంచాలనుకున్నాను. మీ వాళ్లే ముంచేశారు, నాకు శ్రమ తగ్గింది" అన్నాడు. వడ్రంగి నా మేనమామేనని ఎలాగో పసిగట్టాడు.

నీ మీద కోపం లేదనను. అది నువ్వు సరదాకి అన్న మాటే అయినా.

నీకొక సంగతి చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో శనివారం శనివారం నేను టీవీ ముందు కూర్చునేదాన్ని, అమ్మ వెనక కుర్చీలో మేజోళ్లు కుట్టుకునేది. ఓడ పైనుంచి వెళ్తూ కడుపు కనిపించినప్పుడల్లా అమ్మ నవ్వేది. పెద్దగా కాదు. ముక్కులోంచి. ప్రతి వారం, సరిగ్గా అక్కడే. నాకప్పుడు పద్దెనిమిది. నేను ఇష్టపడ్డదాన్ని చూసి నవ్వుతోందని కుంగిపోయాను. రెండో ఏడాది నుంచి పక్కింట్లో చూడటం మొదలుపెట్టాను. అమ్మ ఒకసారి "ఇక్కడ చూడవేం?" అంది. "నువ్వు నవ్వుతావు" అన్నాను. ఏదో చెప్పబోయి ఊరుకుంది. ఆ తర్వాత ఆ ఓడ మాట మా మధ్య రాలేదు. చివరి జబ్బులో కూడా రాలేదు.

ఆ బొడిపెలో పనికొచ్చేదేదో ఉందని రుజువు చేయాలన్న పట్టుదల అక్కడే పుట్టిందేమో. ఇప్పుడది చారు కోసం పుట్టగొడుగుల తట్టలైంది.

నువ్వు ఆ గదిలో ఉన్నావు కదా. అమ్మ ఎందుకు నవ్వేదో నీకైనా తెలుసా?

థెల్మా


హాక్స్‌బీ
27 మార్చి

థెల్మాకు,

ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. అక్షరాల తప్పులుంటే దిద్దుకో.

ఆ ఓడ నేను చేశాను.

ఒక్కణ్ణే కాదు, నలుగురం. గాదర్‌కోల్ అని పెద్ద మేస్త్రీ. చెక్కపని నాది. మీ ఇంట్లో ఉన్నప్పుడు బీరువాల కార్ఖానాకి వెళ్తున్నానని చెప్పాను. బీరువాలు కాదు. టీవీ వాళ్లకి బొమ్మలు, సామాను చేసే షెడ్డు. లోపలి పని బయట చెప్పనని సంతకం తీసుకున్నారు.

ఓడ పొడవు నాలుగడుగుల రెండంగుళాలు. ఒళ్లు పైన్ చెక్క, రెక్కలు ప్లైవుడ్డు. గాలిలో నిలబెట్టడానికి పక్కనుంచి ఇనుప కడ్డీ దూరుస్తారు. ఆ పక్క కెమెరాకి చూపించరు. కడ్డీకి కన్నం కుడివైపు పెట్టాలి.

బొమ్మ ట్రేసింగ్ కాగితం మీద ఉంది. పలచటి కాగితం, ఎటు తిప్పినా ఒకేలా కనిపిస్తుంది. దాని మీద అక్షరం ముక్క లేదు. ఎవరో బల్ల మీద బోర్లా పెట్టి పోయారు. నేను అలాగే చూసి బర్మా పెట్టి తొలిచాను. ఎడమవైపు, కడుపు కింద, అంగుళం కన్నం. గాదర్‌కోల్ వచ్చి చూశాడు. కాగితం తీసి వెల్లకిలా తిప్పి పెట్టాడు. అంతే. నాకు యాభై ఏడేళ్లు. పద్నాలుగో ఏట బడి మాని ఉలి పట్టినవాణ్ణి. అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

అప్పుడు పొద్దున ఏడున్నర. తొమ్మిదికి కెమెరా వాళ్లు వస్తారు. లప్పం పెడితే ఆరదు. నా భోజనం సంచిలో మీ అమ్మ నోరా పుట్టగొడుగు ఉంది. మేజోడు చిరుగు కింద పెట్టి కుట్టుకునే చెక్క సామాను. పైన గొడుగు, కింద కాడ. దాన్ని పుట్టగొడుగు అనే అంటారు. కాడ వదులైంది, బిగించి తెమ్మని ఆ పొద్దునే ఇచ్చింది. కాడ కోసేశాను. గొడుగుని సరేసు రాసి, రెండు సన్న మేకులు కొట్టి, కన్నం మీద అతికాను. రంగు ఒక పూత కొట్టాను.

గాదర్‌కోల్ "ఇదేంటయ్యా" అన్నాడు.

"పుట్టగొడుగండి."

"ఎవరిది?"

"మా చెల్లెలిది."

"ఆవిడకి తెలుసా?"

"సాయంత్రం తెలుస్తుందండి."

ఆయన వంగి చూశాడు. "నేనే పెట్టమన్నానని పైవాళ్లకి చెబుతాను. నువ్వు మాత్రం ఎప్పుడూ నోరెత్తకు" అన్నాడు. ఓడ గీసినాయన పదింటికి వచ్చి చుట్టూ తిరిగాడు. "కింద బోసిగా ఉంటుందేమో అనుకున్నాను. ఇప్పుడు నిండుగా ఉంది" అన్నాడు. నా ఉద్యోగం అలా నిలిచింది.

నోరాకి చెప్పక తప్పలేదు. "నా పుట్టగొడుగుని చుక్కల్లోకి పంపించావా అన్నయ్యా. మరి నీ మేజోళ్లు నీ బుర్ర మీద పెట్టి కుట్టనా" అంది. కొత్తది కొనిస్తానన్నాను. వద్దంది. అది తిరిగొచ్చేదాకా బల్బుతోనే కుడతానంది. మొదట పంతానికి, తర్వాత అలవాటుకి. అది తిరిగి రాలేదు. షెడ్డు మూసేసినప్పుడు ఓడ చెత్తబండిలో పోయిందని విన్నాను.

ఆమె నిన్ను చూసి నవ్వలేదు థెల్మా. ఓడ కడుపు కనిపించగానే "అదిగో, నాది వచ్చింది" అన్నట్టు నావైపు చూసేది. నేను సిగ్గుతో బొగ్గుకి లేచేవాణ్ణి. అందుకు ఇంకా నవ్వేది. నువ్వు పక్కింటికి పోవడం మొదలయ్యాక, పిల్లకి చెప్పేస్తానంది. వద్దన్నాను. నీకు నచ్చిన ఓడ తప్పుడు కన్నం మీద అతుకుతో తిరుగుతోందని నీకు తెలియకూడదనుకున్నాను. గాదర్‌కోల్‌కి ఇచ్చిన మాట కూడా ఉంది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన పోయాక ఆ మాట ఉన్నట్టా లేనట్టా నాకు తెలియలేదు. నువ్వు నవ్వు సంగతి రాశాక తెలిసింది.

ఇక గీతలు. ఆ పుట్టగొడుగు నోరా పెళ్లినాటిది. ఇరవై ఏళ్లు వాడింది. ఒక్క పూత రంగుతో సూది గీతలు నిండలేదు. నీ ఫొటోలో ఉన్నవి అవే.

కాడ పారేయలేదు. పార్సిల్లో పంపుతున్నాను. సభలో నా పేరు చెప్పొద్దు. మిగతాది నీ ఇష్టం.

మామయ్య


హాక్స్‌బీ
19 ఏప్రిల్

థెల్మాకు,

పార్సిల్ అందిందో లేదో తెలియలేదు. పోస్టు తెచ్చే ఆవిడ నన్ను చూసి దూరం నుంచే తల అడ్డంగా ఊపుతోంది.

నీ పదేళ్ల పని పాడుచేశానేమో. ముందు ఓడ పాడుచేశాను, తర్వాత నోరా కుట్టుపని, ఇప్పుడు నీది. కోపంగా ఉంటే ఉండు. అందిందని ఒక్క ముక్క రాయి చాలు.

తెల్ల కోడి పొదిగింది. ఎనిమిది పిల్లలు.

మామయ్య


లెస్టర్
24 మే

మామయ్యా,

అందింది. ఏప్రిల్ రెండునే అందింది. రాయకపోవడం నా తప్పు.

కోపం వచ్చిన మాట నిజం. గీతల మీద కాదు. పదిహేడేళ్లు ఒక్క మాటతో పోయేదాన్ని మీరిద్దరూ దాచారని. నాలుగు రోజులు కాడని చూడలేదు, డబ్బాలోనే ఉంచాను. అయిదో రోజు భూతద్దం తీసి నా బొమ్మ ముందు కూర్చున్నాను. నలభై మూడు గీతలూ ఒకే పక్కకి వాలడం చూసి, తలుపు అటువైపు తెరుచుకుంటుందని రెండు పేజీలు రాశాను నేను. అమ్మది ఎడమచేతివాటం. సూది ఎప్పుడూ అటునుంచే వచ్చేది. ఈ కళ్లతో రోజూ చూసి కూడా నాకు తట్టలేదు. నేను పదేళ్లు కూర్చుని గీసింది అమ్మ చేయి.

మరి సభ సంగతి. చర్చి హాలు, పంది మాంసం పెట్టిన రొట్టెలు, చల్లారిన టీ. తొంభై ఏడు మంది వచ్చారు. డెస్మండ్ తెర మీద బొమ్మలు వేసి నలభై నిమిషాలు మాట్లాడాడు. డర్బీ ఆయన తట్టలు తెచ్చి నిజంగానే చూపించాడు. నా వంతు వచ్చింది. ఇంటి దగ్గర రాసుకున్న కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

"పడవ గది అన్న నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. హాలంతా గుసగుసలు. "ఆ బొడిపె లోపల ఏమీ లేదు. కానీ గీతలున్నాయి. ఓడ కట్టినవాళ్లలో ఒకరు నాకు చెప్పారు."

డెస్మండ్ లేచాడు. "ఎవరు? పేరు చెప్పండి."

"పేరు వద్దన్నారు."

"పేరు లేని మనిషి మాట నూట పన్నెండు మంది పుస్తకంలో ఎలా వేస్తామండీ?"

న్యాయమైన మాటే. నేను కాడ తీసి అతని చేతిలో పెట్టాను. అతను పళ్లు చేసేవాడు కదా, మనుషుల్ని నమ్మడు, వస్తువుల్ని నమ్ముతాడు. జేబులోంచి కొలత పనిముట్టు తీశాడు. పైన రంపం కోత చూశాడు. కోత అంచున ఒకచోట బూడిదరంగు రంగు చుక్క పడి ఉంది, నువ్వు చూశావో లేదో. వేలితో తడిమాడు. ఆ రంగు మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎన్ని డబ్బాలు కలిపినా మాకు కుదరని రంగు అది.

చాలాసేపు తిప్పి చూశాడు. తర్వాత నా దగ్గరికి వంగి, చిన్నగా, "మా అమ్మ దగ్గర కూడా ఇలాంటిది ఉండేది" అన్నాడు. అంతే. వెనక్కి వెళ్లి, "గీతలు ఉన్నాయి. నా బొమ్మలో తప్పుంది" అని అందరికీ వినపడేలా చెప్పి కూర్చున్నాడు.

వెనక వరసలోంచి, వంటిల్లు ఎక్కడని ఉత్తరం రాసిన ఆవిడ అడిగింది, "సరే, మరి ఆ గీతలేంటమ్మా?"

"మరమ్మతు. చేత్తో చేసినది" అన్నాను. అబద్ధం కాదు కదా.

యాభై ఎనిమిది చేతులు లేచాయి. నా బొమ్మ వెళ్తోంది, నలభై మూడు గీతలతో. పక్కన ఆ రెండు మాటలే రాస్తున్నాం. పెంపకం వాళ్లు మాత్రం ఒప్పుకోలేదు, వేరే పత్రిక పెడతారట. మొదటి సంచిక నీకే పంపమన్నాను.

అమ్మ సగంలో వదిలిన మేజోడు తీశాను. కుట్టడం నేర్చుకుంటున్నాను. బల్బు జారిపోతోంది, ఒకసారి వేలు కూడా గుచ్చుకుంది. అమ్మ ఎలా వేగిందో దీంతో.

కాడ డెస్మండ్ దగ్గర ఉంది, ఫొటో తీసి పంపుతానన్నాడు. వచ్చాక నీకు తిప్పి పంపనా, నేనే ఉంచుకోనా?

కోడిపిల్లలు ఎన్ని మిగిలాయి?

నీ
థెల్మా


హాక్స్‌బీ
11 జూన్

థెల్మాకు,

ఏడు మిగిలాయి.

నేను జవాబు రాసేలోపే కాడ అందింది. నువ్వు నాకు పంపమని చెప్పావని ప్రైక్ గారు ఉత్తరం పెట్టారు. మర్యాదగా రాశారు. ఓడ కట్టింది నేనా అని అడగలేదు. మెడలో దిమ్మ ఎక్కడ వేయాలో మాత్రం అడిగారు. గీసి పంపాను. ఈసారి కాగితం మీద "పైవైపు" అని రాశాను.

ఇంటి వెనక చెర్రీ కొమ్మ ఒకటి రెండేళ్ల కిందట కొట్టి ఆరబెట్టాను. దాంతో గొడుగు చేసి పాత కాడకి బిగించాను. ఇప్పుడు వదులు లేదు. ఈ డబ్బాలో ఉంది.

పైభాగం నున్నగా ఉంది. గీతలు నువ్వు పెట్టుకోవాలి.

నాకు కుడి మేజోడు మడమ దగ్గర పోయింది. అది కూడా డబ్బాలో పెట్టాను. తొందర లేదు.

మామయ్య